ఒకే చిప్‌సెట్, రెండు రేట్లు: చవక మదర్‌బోర్డుని ఎంతవరకు నమ్మొచ్చు?

తణుకు దగ్గర ఫోటో స్టూడియో నడుపుతున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. చాలా పొడుగ్గా రాశారు, క్లుప్తంగా ఇదీ సంగతి: "పెళ్ళి ఆల్బమ్‌ల డిజైన్ కోసం ఐ5-12400 ప్రాసెసర్‌తో సిస్టమ్ కట్టించుకుంటున్నానండి. షాపులో రెండు హెచ్610 బోర్డులు చూపించారు, ఒకటి 5,600, ఇంకోటి 7,900. చిప్‌సెట్ ఒకటే అయినప్పుడు ఆ 2,300 తేడా దేనికి? చవకది తీసుకుంటే ఎన్నాళ్ళు వస్తుంది? పక్క షాపతను అసలు ఇంత ఎందుకండీ, కొత్త హెచ్61 బోర్డు 2,200కే ఇస్తాను, పాత ఐ5 వేసుకోండి అంటున్నాడు. ఎవర్ని నమ్మాలి?"

ముందు సమాధానం చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. హెచ్61 వద్దు. 5,600 బోర్డు 12400 ని మోస్తుంది, ఆ భయం అక్కర్లేదు. 7,900 బోర్డుకి మీరు ఎక్కువ కట్టేది స్పీడు కోసం కాదు, వేడి తట్టుకోడానికీ వారంటీకీ. డబ్బు ఉంటే అదే తీసుకోండి. కానీ మీ కొటేషన్‌లో "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్ 1,800" అని ఒక లైను ఉంది చూడండి (ఎస్‌ఎంపీఎస్ అంటే సిస్టమ్ మొత్తానికీ కరెంటు ఇచ్చే డబ్బా), నేనైతే ముందు దాన్ని కొట్టేస్తాను. మంచి బోర్డు, మంచి ఎస్‌ఎంపీఎస్ రెండిట్లో ఒకదానికే డబ్బు సరిపోతుంది అనుకుంటే 5,600 బోర్డే తీసుకుని ఆ 2,300 మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టండి. ఎందుకో కింద చెప్తాను.

నేను ఈ లైన్లోకి వచ్చి 16 ఏళ్ళయింది. మొదటి నాలుగేళ్ళు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరిగే కుర్రాణ్ణి, తర్వాత రాజమండ్రి వచ్చేసి సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. అమ్మకం కంటే రిపేర్లే ఎక్కువ కాబట్టి ఏ బోర్డు ఎలా అమ్ముడుపోయిందో కంటే ఎలా చచ్చిపోయిందో నాకు బాగా తెలుసు.

ముందు ఈ చిప్‌సెట్ గొడవ తేల్చేద్దాం. హెచ్610, బీ660 ఇలాంటివన్నీ ఇంటిపేరు లాంటివండి. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ములిద్దరికీ ఒకే ఒళ్ళు, ఒకే ఓపిక ఉండాలని లేదు కదా. చిప్‌సెట్ చెప్పేది ఏమేం తగిలించుకోవచ్చు అన్నది మాత్రమే. హెచ్610 అంటే 2022లో వచ్చిన అడుగు రకం, ర్యామ్ స్లాట్‌లు రెండే, ఎం.2 ఎస్‌ఎస్‌డీ స్లాట్ పాత తరం జెన్ 3 వేగానికే ఆగిపోతుంది, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని దాని హద్దు దాటి పరిగెత్తించడం) లేదు. ఇవి 5,600 బోర్డులోనూ ఇంతే, 7,900 బోర్డులోనూ ఇంతే. అందుకే షాపులో రెండు బోర్డుల స్పెసిఫికేషన్ కాగితాలు చూపిస్తే రెండూ కవల పిల్లల్లా కనపడతాయి. కాగితంలో లేనిది ఏంటంటే ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే భాగం, దాన్ని వీఆర్ఎం అంటారు, కంపెనీ డబ్బు మిగుల్చుకునేది ఎక్కువగా అక్కడే.

వీఆర్ఎం పని ఏంటో కొంచెం చెప్పుకోవాలి, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చూసుకోగలరు. ఎస్‌ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు వస్తుంది, ప్రాసెసర్‌కి కావలసింది సుమారు 1.2 వోల్టులు. మధ్యలో దించి ఇచ్చేది ఇది. 12400 పెట్టె మీద 65 వాట్లు అని ఉంటుంది కానీ టర్బోలో, అంటే పని ఎక్కువైనప్పుడు వేగం పెంచుకుంటే, 117 వాట్ల దాకా లాగుతుంది అని ఇంటెల్ లెక్కల్లోనే ఉంది. 117 ని 1.2 తో భాగించండి, దాదాపు వంద ఆంపియర్లు! ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లు. వోల్టేజీ వేరు కాబట్టి రెండిటికీ పోలిక పెట్టకూడదు, అది నాకూ తెలుసు, కానీ గోరంత భాగాల్లోంచి వంద ఆంపియర్లు పోతుంటే వేడి పుట్టకుండా ఎలా ఉంటుంది.

ఆ వంద ఆంపియర్లని ఒక్క దారిలో పంపలేరు కాబట్టి పంచుతారు, ఒక్కో దారిని ఫేజ్ అంటారు. వంద కేజీల బస్తా అనుకోండి, నలుగురు పట్టుకుంటే మనిషికి పాతిక కేజీలు, ఎనిమిది మంది పట్టుకుంటే పన్నెండున్నర. నలుగురూ మోయగలరు, కాకపోతే చెమటలు పడతాయి. మీ 12400 కి నలుగురు చాలు. అదే బోర్డు మీద ఐ7-12700 పెట్టారనుకోండి, అది టర్బోలో 180 వాట్లు అడుగుతుంది, అప్పుడు ఆ నలుగురే నూట యాభై కేజీలు మోయాలి, అది కూడా మే నెలలో.

షాపులో పెట్టె తెరిపించి చూడాల్సింది ఇది. ప్రాసెసర్ సాకెట్‌కి ఎడమ పక్కన, కొన్నిట్లో పై పక్కన కూడా, బూడిద రంగు చదరపు దిమ్మలు వరసగా కనపడతాయి, ఒక్కోటి చిటికెన వేలి గోరంత, వాటిమీద ఆర్22, ఆర్30 అలాంటి అక్షరాలు ఉంటాయి. వాటిని చోక్‌లు అంటారు. సాధారణంగా ఒక్కో చోక్ ఒక్కో ఫేజ్. లెక్కపెట్టండి, కానీ ఆ లెక్కని గుడ్డిగా నమ్మకండి, ఎందుకంటే వాటిలో ఒకటి లోపలి గ్రాఫిక్స్‌కి, ఇంకోటి వేరే చిన్న అవసరానికి పోతుంది, ప్రాసెసర్ కోర్‌లకి మిగిలేదే అసలు లెక్క. ఇంకో తమాషా, కొన్ని బోర్డుల్లో ఒక ఫేజ్‌కే రెండేసి చోక్‌లు పక్కపక్కన పెడతారు, చూడ్డానికి ఎనిమిది, కంట్రోలర్ నడిపేది నాలుగు. అది పూర్తిగా మోసం అని అనను, వేడి కొంత పంచుకుంటాయి నిజమే, కానీ పెట్టె మీద "8 ఫేజ్ పవర్" అని పెద్దక్షరాలతో వేసుకోవడం మాత్రం నాకు నచ్చదు.

చోక్‌ల పక్కనే చిన్న నల్ల చదరాలు ఉంటాయి, అవి మాస్‌ఫెట్‌లు, వేడెక్కేది ఎక్కువగా అవే. వాటిమీద అల్యూమినియం హీట్ సింక్ ఉందా లేదా చూడండి. మీ 7,900 బోర్డులో ఉండే ఉంటుంది, 5,600 బోర్డులో నల్ల చదరాలు బయటికే కనపడుతుంటాయి. హీట్ సింక్ ఉంటే దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. కటకటా కదిలితే అది అలంకారం. వెనక నుంచి స్క్రూలతో బిగించినది కదలదు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. స్క్రూ కన్నాలు లెక్కపెట్టండి. చవక బోర్డులు ఖర్చు తగ్గించడానికి వెడల్పు కోసేస్తారు. పూర్తి సైజు మైక్రో ఏటీఎక్స్‌లో కుడి అంచున కూడా కన్నాలు ఉంటాయి, సన్న బోర్డుల్లో ఆరే ఉంటాయి, కుడి అంచు క్యాబినెట్‌లో గాలిలో తేలుతూ ఉంటుంది. 24 పిన్నుల పవర్ కనెక్టరు, ర్యామ్ స్లాట్‌లు ఉండేది సరిగ్గా ఆ అంచునే. కుర్రాడు కనెక్టరు బలంగా నొక్కుతుంటే బోర్డు విల్లులా వంగడం నేను వందసార్లు చూశాను. రెండు మూడుసార్లు అలా వంగితే లోపలి సోల్డర్ జాయింట్ సన్నగా పగులుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఆన్ అవదు, పది నిమిషాలు తిప్పలు పడ్డాక వస్తుంది. అలాంటి కేసు రిపేరుకి వస్తే నాకు సగం రోజు పోయినట్టే. కాబట్టి సన్న బోర్డు తీసుకుంటే కనెక్టరు, ర్యామ్ క్యాబినెట్‌లో బిగించకముందే బల్లమీద పెట్టి ఎక్కించమని చెప్పండి, లేదా కింద వేలు ఆనించి నొక్కమనండి. ఇది పైసా ఖర్చు లేని పని.

వేడి విషయంలో నాకు ఎదురైన కేసు ఒకటి చెప్తాను. రెండేళ్ళ క్రితం ఒక వీడియో మిక్సింగ్ చేసేవాళ్ళ సిస్టమ్ వచ్చింది, ఐ7-12700, దానికింద హీట్ సింక్ లేని హెచ్610 బోర్డు. కంప్లయింట్ ఏంటంటే రెండరింగ్ పెట్టిన పావుగంట వరకు బ్రహ్మాండంగా పోతుంది, తర్వాత నత్తనడక. అప్పటికే రెండుసార్లు విండోస్ ఫార్మాట్ చేయించారట, వైరస్ అని ఒకరు, ర్యామ్ సరిపోవట్లేదని ఒకరు. ప్రాసెసర్ వేడి చూస్తే 70 దాటలేదు, వాళ్ళు మంచి టవర్ కూలర్ పెట్టుకున్నారు. చవక బోర్డుల్లో వీఆర్ఎం దగ్గర టెంపరేచర్ సెన్సరే ఉండదు తరచుగా, కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఏమీ కనపడదు. కరోనా టైములో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ ఒకటి ఉంటే దాన్ని పెట్టాను, అది మనుషుల జ్వరానికే కాబట్టి 43 దగ్గర ఎర్రర్ చూపించి ఊరుకుంది. తర్వాత పారిశ్రామిక అవసరాలకి వాడేది కొన్నాను. మాస్‌ఫెట్‌ల మీద పెడితే 112 చూపించింది. బోర్డు తనని తాను కాపాడుకోడానికి ప్రాసెసర్ వేగం తొక్కిపెడుతోంది, అంతే.

ఇందులో తమాషా ఏంటంటే పెట్టెతో వచ్చే ఇంటెల్ ఫ్యాన్ ఉంటే అంత వేడి వచ్చేది కాదు. ఆ ఫ్యాన్ గాలిని కిందకి ఊదుతుంది, అది సాకెట్ చుట్టూ పాకి వీఆర్ఎం ని కూడా కొంచెం చల్లబరుస్తుంది. టవర్ కూలర్ గాలిని అడ్డంగా వెనక్కి తోస్తుంది, వీఆర్ఎం కి ఏమీ దక్కదు. ఖరీదైన కూలర్ కొని బోర్డుని ఉడకబెట్టారన్నమాట. నేను క్యాబినెట్ పైన ఒక ఫ్యాన్ పెట్టి, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగులు ఉండేచోటు) పవర్ లిమిట్ 100 వాట్లకి దించాను, రెండరింగ్ ముందుకంటే త్వరగా అయిపోతోందని ఫోన్ చేశారు. మీరు 12400 తో పాటు వచ్చే ఫ్యానే వాడుకోండి, 5,600 బోర్డు తీసుకుంటే అది మార్చకండి.

ఇప్పుడు ఎన్నాళ్ళు వస్తుంది అన్న ప్రశ్న. దీనికి ఎవరైనా "ఐదేళ్ళు గ్యారంటీ అండి" అని చెప్తే నవ్వి ఊరుకోండి. కానీ ఒక లెక్క ఉంది, అది తెలిస్తే మీకే అంచనా వస్తుంది. కెపాసిటర్లు అంటే కరెంటుని కాసేపు పట్టి ఉంచి నిలకడగా వదిలే చిన్న డబ్బాలు, వాటికి కంపెనీ ఇన్ని డిగ్రీల దగ్గర ఇన్ని గంటలు అని ఇస్తుంది, లోపల ద్రవం ఉండే మామూలు ఎలక్ట్రోలిటిక్‌ది 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అనుకోండి. పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు అవుతుంది అని ఒక మోటు లెక్క. 85 దగ్గర పనిచేస్తే నాలుగు రెట్లు, 8,000 గంటలు, రోజుకి పది గంటలు వాడితే రెండేళ్ళ పైచిలుకు. అదే 65 దగ్గర ఉంచితే 16 రెట్లు, 32,000 గంటలు, అంటే ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఒకే కెపాసిటర్, ఒకే కంపెనీ, తేడా ఇరవై డిగ్రీలు! మన ఊళ్ళలో మే నెలలో బయటే 45, గోడకి ఆనించి పెట్టిన క్యాబినెట్ లోపల ఇంకెంత ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు బోర్డుల మీద వీఆర్ఎం దగ్గర వచ్చేవి సాలిడ్ కెపాసిటర్లు, అల్యూమినియం డబ్బాల్లాగా తళతళలాడుతూ పైన గీత లేకుండా ఉంటాయి, అవి ఇంతకంటే చాలా గట్టివి. 2000ల మొదట్లో అయితే ఘోరంగా ఉండేది, లోపలి ద్రవం సరిగ్గా కుదరని కెపాసిటర్లు తైవాన్ నుంచి ప్రపంచమంతా వెళ్ళిపోయాయి, పెద్ద పెద్ద కంపెనీల కంప్యూటర్లలో కూడా పొట్ట ఉబ్బి, నెత్తి పగిలి గోధుమ రంగు జిగురు కారేవి. నేను సీటీసీలో చేరేనాటికి ఆ బోర్డులు ఇంకా వస్తూ ఉండేవి, నాకు సోల్డరింగ్ నేర్పింది అవే. ఆ తర్వాత సాలిడ్ కెపాసిటర్లు చవక బోర్డుల్లోకీ వచ్చాయి కాబట్టి బోర్డు మీద కెపాసిటర్ చూసి భయపడే రోజులు చాలావరకు పోయాయి.

మరి ఆ పాత లెక్క ఇప్పుడు ఎక్కడ పనికొస్తుంది అంటే, ఎస్‌ఎంపీఎస్ లోపల. అక్కడ ఇప్పటికీ ద్రవం ఉన్న కెపాసిటర్లే. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్ ఒకటి విప్పి చూశాను మొన్న, స్టిక్కర్ మీద 450 వాట్లు అని రాసుంది, చేత్తో పట్టుకుంటే కొబ్బరి చిప్పంత బరువు లేదు. లోపల ఇన్‌పుట్ దగ్గర ఉండాల్సిన ఫిల్టర్ భాగాల చోట బోర్డు మీద గుర్తులు ఉన్నాయి, భాగాలు లేవు, వాటి బదులు రెండు వైరు ముక్కలు. స్టిక్కర్ మీద 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో చూస్తే 14 అని ఉంది. 12 ఇంటూ 14, 168 వాట్లు. 450 అన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ స్టిక్కర్ వేసినవాడికే తెలియాలి. ఇప్పటి సిస్టమ్‌లో బరువంతా పడేది ఆ 12 వోల్టుల మీదే.

నా దగ్గరికి "బోర్డు పోయిందండి" అని వచ్చే వాటిలో సగానికి పైగా బోర్డు తప్పు ఉండదు. ర్యామ్ కాళ్ళమీద మురికి, రబ్బరుతో తుడిస్తే లేచి కూర్చుంటుంది. పాత సిస్టమ్ అయితే బోర్డు మీద టైము, సెట్టింగులు నిలబెట్టే ముప్ఫై రూపాయల సీమాస్ బ్యాటరీ. సాకెట్‌లో పిన్ను వంగడం. ఒకసారి బల్లి, బోర్డు వెనకాల దూరి షార్ట్ చేసి అదీ పోయింది, బోర్డూ పోయింది. నిజంగా చచ్చిన బోర్డుల్లో కూడా ఎక్కువ భాగం ఎస్‌ఎంపీఎస్ చంపినవీ, కరెంటు చంపినవీ. అందుకే మీకు ముందు ఆ లైను కొట్టేయమన్నాను. మీ సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి పెద్ద వాటేజీ అక్కర్లేదు, పేరున్న కంపెనీ 450 వాట్లది, కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ గుర్తు, మూడేళ్ళకి తగ్గని వారంటీ ఉన్నది చాలు.

ఎర్తింగ్ గురించి ఒక్క మాట. సిస్టమ్ ఆన్‌లో ఉన్నప్పుడు చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్ వెనక ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటుందా? అంటే మీ ప్లగ్‌లో మూడో పిన్నుకి ఎర్త్ లేదు. అది చాలావరకు ఎస్‌ఎంపీఎస్ పాడవడం కాదు, లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు వదిలే చిన్న లీకేజీ, భూమిలోకి పోవాల్సింది క్యాబినెట్ మీద నిలబడిపోతుంది. యూఎస్‌బీలో ప్రింటర్ పెడుతుంటే, హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చుతుంటే ఆ లీకేజీ పోర్టుల్లోంచి వెళ్తుంది. "యూఎస్‌బీ పోర్టులు ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయండి, బోర్డు నాసిరకం" అని వచ్చిన ఒక మీసేవ సెంటర్ వాళ్ళకి ఎలక్ట్రీషియన్‌ని పంపించి ఎర్త్ గుంట తవ్వించాను, బోర్డు మార్చాక మళ్ళీ కంప్లయింట్ రాలేదు.

ఇక పిడుగులు. ఒక స్కూల్ ల్యాబ్‌కి 2015లో ఎనిమిది సిస్టమ్‌లు కట్టాను, అప్పట్లో దొరికిన అతి చవక హెచ్81 బోర్డులు, పెంటియమ్ ప్రాసెసర్లు. వాళ్ళ బడ్జెట్ అంతే, నేను కూడా మూడేళ్ళు వస్తే గొప్ప అనుకున్నాను. నిరుడు వెళ్తే ఏడు ఇంకా నడుస్తున్నాయి. పెంటియమ్ లాగేదే 50 చిల్లర వాట్లు కాబట్టి ఆ నాసి వీఆర్ఎం కి చెమట పట్టలేదు. పోయిన ఆ ఒక్కటి ఎలా పోయిందంటే పిడుగు పడింది, కరెంటు లైన్లోంచి కాదు, కేబుల్ ఆయన డాబాల మీదుగా లాగిన రాగి ల్యాన్ వైరులోంచి వచ్చింది. ల్యాన్ చిప్ మీద ఆవగింజంత నల్లమచ్చ, బోర్డు మొత్తం డెడ్. మీకు ఇంటర్నెట్ ఫైబర్‌లో షాపు లోపలి దాకా వస్తుంటే ఈ భయం లేదు, బయటి నుంచి రాగి తీగ వస్తుంటే మాత్రం ఉరుములప్పుడు ప్లగ్‌తో పాటు ఆ వైరు కూడా పీకేయండి, లేదా వైఫై వాడుకోండి.

హెచ్61 సంగతి. ఆ చిప్‌సెట్ 2011ది. ఇంటెల్ అది చేయడం ఎప్పుడో మానేసింది. మరి "కొత్త బోర్డు" ఎలా వస్తోంది అంటే, పాత బోర్డుల నుంచి పీకిన చిప్‌లని శుభ్రం చేసి కొత్త పచ్చ పలక మీద అతికించి అమ్మేవే ఎక్కువ. పలక కొత్తదే, పెట్టె కొత్తదే, గుండెకాయ మాత్రం పాతది. కొన్ని ఏళ్ళ తరబడి బానే నడుస్తాయి, టైపింగ్ సెంటర్‌లో ఉన్న పాత సిస్టమ్‌కి బోర్డు పోతే అతికించడానికి నేను కూడా వేశాను, వేసేటప్పుడు కస్టమర్‌కి చెప్పే వేశాను. కానీ కొత్తగా డబ్బు పెట్టి పని మొదలుపెట్టేవాళ్ళకి వద్దు. దానికి రెండో, మూడో తరం ప్రాసెసర్లే పడతాయి, సాటా పోర్టులు (హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు తగిలించేవి) పాత 3 గిగాబిట్ వేగానివి కాబట్టి కొత్త సాటా ఎస్‌ఎస్‌డీ సగం వేగమే ఇస్తుంది, విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే, విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కస్టమర్ల పెళ్ళి ఫోటోలు పెట్టుకునే సిస్టమ్ అది, ఆలోచించుకోండి.

పెద్ద పేరుంటే చాలా అంటే అదీ కాదు లెండి. అదే 2011 జనవరిలో ఇంటెల్ అంతటిది తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ మందగిస్తాయని కనిపెట్టి సరుకు ఆపేసింది, ఎక్కడో ఒక్క ట్రాన్సిస్టర్ తేడా. సరిచేయడానికీ మార్చివ్వడానికీ 70 కోట్ల డాలర్లు అవుతుందని వాళ్ళే లెక్క చెప్పారు. పేరున్నవాడు తప్పు చేయడని కాదు, చేసినప్పుడు మార్చి ఇచ్చే స్థోమత ఉంటుందని.

అందుకే వారంటీ దగ్గర గట్టిగా అడగండి. ఎన్నేళ్ళు అని కాదు, ఎక్కడ అని అడగండి. మీ 5,600 బోర్డుకి ఏడాదే అని రాశారు, 7,900 దానికి మూడేళ్ళు. "మా షాపుకి తెచ్చేయండి మేం చూసుకుంటాం" అంటే, ఆ షాపు ఉన్నన్నాళ్ళే వారంటీ. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్ళో ఉంది, మనమే తీసుకెళ్ళాలా, కొరియర్ ఖర్చు ఎవరిది, బోర్డు తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతోంది, ఇవన్నీ కొనకముందే అడగండి. నా కస్టమర్ ఒకాయన కాకినాడలో సముద్రం పక్కన ఉంటారు, ఏడాదిన్నరకే బోర్డు పోయింది. పంపిస్తే ఐదు వారాలు ఉంచుకుని, పోర్టుల దగ్గర తుప్పు ఉంది, వారంటీ వర్తించదు అని తిప్పి పంపారు. ఉప్పు గాలికి తుప్పు రాక ఏమొస్తుంది! కానీ షరతుల్లో ఆ ముక్క ఉంది, మేమే చదవలేదు. తణుక్కి సముద్రం కొంచెం దూరమే కాబట్టి మీకు అంత ఉండదు, అయినా బిల్లు జీఎస్టీతో తీసుకోండి, బిల్లు మీద బోర్డు సీరియల్ నంబర్ వేయించండి. బిల్లు లేకపోతే చాలా కంపెనీలు తయారైన తేదీ నుంచి లెక్కేస్తాయి, షాపులో ఆర్నెల్లు పడున్న బోర్డుకి ఆర్నెల్లు పోయినట్టే.

మీ పనికి సంబంధించి ఇంకొన్ని. స్లాట్‌లు రెండే కాబట్టి రెండు 8 జీబీలు వేయించుకోకండి, ఆల్బమ్ షీట్‌లు లేయర్లతో ఓపెన్ చేస్తే 16 ఇట్టే నిండిపోతుంది, అప్పుడు రెండూ పీకి అమ్ముకోవాలి. ఒక 16 వేసి రెండోది తర్వాత కలపండి, సింగిల్ చానల్ (ర్యామ్ ఒక్క దారిలోనే పనిచేయడం) వల్ల కొంత స్పీడు తగ్గుతుంది, ఫర్వాలేదు. బోర్డు డీడీఆర్4 దా, డీడీఆర్5 దా చూసుకుని ర్యామ్ తీసుకోండి, హెచ్610 లో రెండు రకాలూ వస్తున్నాయి, ఒకదాన్లో ఇంకోటి దూరదు. రేపెప్పుడైనా 13, 14 తరం ప్రాసెసర్ వేయాలనుకుంటే ముందు బయాస్ అప్‌డేట్ చేయించాలి, పాత స్టాక్ బోర్డు అయితే డిస్‌ప్లేనే రాదు, అది చూసి బోర్డు పోయిందని కంగారు పడినవాళ్ళు ఉన్నారు. ఐ7 కి వెళ్ళే ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం ఈ రెండు బోర్డులూ వద్దు, హీట్ సింక్ ఉన్న బీ660, బీ760 చూసుకోండి.

యూట్యూబ్ రివ్యూలు చూసేటప్పుడు పెట్టె విప్పి లైట్లు చూపించేవాటి మీద టైము పెట్టకండి. హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ వాళ్ళలాగా ఒకే ప్రాసెసర్ పెట్టి గంటసేపు లోడ్ ఇచ్చి వీఆర్ఎం వేడి కొలిచేవాళ్ళవి చూడండి, మీ మోడల్ నంబర్ అక్షరం తేడా లేకుండా ఉందో లేదో సరిచూసుకోండి. చివర ఒక డీ4 అనో, ఆర్2.0 అనో ఉంటే అది వేరే బోర్డు కావచ్చు.

సిస్టమ్ ఇంటికి తెచ్చాక మొదటి వారంలోనే ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి పరీక్షించే సినీబెంచ్ అనే సాఫ్ట్‌వేర్ అరగంట లూప్‌లో నడిపించండి, మధ్యాహ్నం పూట, ఏసీ ఆపేసి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కోర్ క్లాక్, అంటే ప్రాసెసర్ వేగం, చూస్తూ ఉండండి. మొదట్లో టర్బో వాట్లు కాసేపటికి 65 కి దిగి క్లాక్ కొంచెం తగ్గితే అది ఇంటెల్ పెట్టిన పద్ధతే, భయం లేదు. అక్కణ్ణుంచి కూడా కిందకి జారిపోతూ 2,500 మెగాహెర్ట్జ్ బేస్ స్పీడు కంటే తగ్గితే ముందు ఫ్యాన్ సరిగ్గా కూర్చుందో లేదో, ప్రాసెసర్ వేడి ఎంతుందో చూసుకోండి. ప్రాసెసర్ చల్లగానే ఉండి క్లాక్ పడిపోతుంటే తప్పు బోర్డుదే, వెంటనే షాపుకి తీసుకెళ్ళండి, వారంలోపు అయితే చాలామంది మారు మాట్లాడకుండా మార్చేస్తారు, నెల దాటితే సర్వీస్ సెంటర్ దారి చూపిస్తారు.

ఇంకొకటి మర్చిపోయాను. ప్రాసెసర్ బిగించేటప్పుడు సాకెట్ మీంచి ఒక నల్ల ప్లాస్టిక్ మూత ఊడొస్తుంది, కుర్రాళ్ళు దాన్ని చెత్తబుట్టలో వేసేస్తారు. అడిగి తీసుకుని బోర్డు పెట్టెలోనే దాచుకోండి. రేపు వారంటీకి పంపేటప్పుడు ఆ మూత లేకుండా తెస్తే పిన్నులు వంగి ఉన్నాయనో ఇంకోటనో బోర్డు తీసుకోడానికే పేచీ పెడతారు. నా షాపులో ఒక పాత బూస్ట్ డబ్బా నిండా అవే ఉన్నాయి, అవసరమైనవాళ్ళకి ఇస్తూ ఉంటాను.